‘డేట్ వచ్చాక రా’ అనకండి

(విశాఖపట్నంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, నర్సింగ్ విద్యార్థినుల కోసం కాన్పు తరవాతి గర్భనిరోధం మీద ఒక స్త్రీవైద్య నిపుణురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అమ్మా? ఫ్యాన్ల చప్పుడెక్కువగా ఉంది. వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

మన ఆరోగ్య కేంద్రాల్లో, ప్రైవేటు క్లినిక్కుల్లో, ఆఖరికి మందుల షాపుల్లో కూడా వినపడే ఒక మాట గురించి ముందు చెప్తాను. బిడ్డకి నాలుగో నెల నడుస్తోంది. తల్లి వచ్చి, “ఇప్పుడప్పుడే ఇంకొకరొద్దండి, ఏదైనా ఉంటే చెప్పండి” అంటుంది. మనం అడిగే మొదటి ప్రశ్న: డేట్ వచ్చిందా? రాలేదంటుంది. “అయితే డేట్ వచ్చాక రా” అని పంపేస్తాం. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చేది చాలాసార్లు డేట్ వచ్చాక కాదు, వాంతులు మొదలయ్యాక.

ఒంట్లో జరిగే వరస గుర్తుచేసుకోండి. ముందు అండం విడుదలవుతుంది. గర్భం నిలవకపోతే, అప్పుడు, సుమారు 14 రోజులకి నెలసరి వస్తుంది. కాన్పు తరవాత కూడా చాలామందిలో ఇదే వరస. మొదటి నెలసరి కళ్ళబడే సరికి అండం వచ్చి వెళ్ళిపోయి ఉండొచ్చు. అసలు ఆ నెలసరే కనపడకుండా గర్భం నిలిచిపోవచ్చు. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు, మనం నెలసరి కోసం కాపు కాస్తున్నాం.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన, 15–49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అయినవాళ్ళే. కాపర్-టీ, మాత్రలు, కండోమ్, మగవాళ్ళ ఆపరేషన్, అన్నీ కలిపినా నూటికి ఇద్దరు దాటరు. సగటున ఒక్కో స్త్రీకి పిల్లలు 1.7. కాబట్టి మన ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ తెలీదనడం తప్పు. తెలిసింది ఒక్కటే పద్ధతి, అది చిట్టచివరిది. పెళ్ళి, ఒక బిడ్డ, వెంటనే రెండో బిడ్డ, ఆపరేషన్. చాలామందికి పాతికేళ్ళు నిండేలోపే ఇవన్నీ అయిపోతాయి. మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య ఏం చేయాలన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. మనమూ అడగం.

ఎక్కువమందిని కనండి అనే మాట ఈ మధ్య వినపడుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని కూడా 2024లో మన రాష్ట్రంలో తీసేశారు. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నేను మాట్లాడేది ఎంతమంది అన్నదాని గురించి కాదు, ఎంత ఎడం అన్నదాని గురించి. నలుగురిని కనాలనుకున్న మనిషికి కూడా ఎడం కావాలి. కాన్పయ్యాక మళ్ళీ నెల తప్పడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎందుకంటే, కాన్పులో పోయిన రక్తం, పాలలో పోయిన బలం తిరిగి పూడడానికి టైం పడుతుంది. మన బాలింతల్లో రక్తహీనత ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దాపరేషన్ అయినవాళ్ళకి కుట్టు సంగతి కూడా ఉంది. రెండు కాన్పుల మధ్య 18 నెలలైనా లేకపోతే, నొప్పులొచ్చినప్పుడు ఆ పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ముప్పు పెరుగుతుంది. ఇంకొకటి, చంటిబిడ్డ పాలు. తల్లికి మళ్ళీ నెల తప్పిందని తెలియగానే, అవి చేటుపాలు అని చంటిదాన్ని రొమ్ము నుంచి తీసేస్తారు. ఆ పాలలో చేటేమీ లేదు. కానీ ఇంట్లో ఆ నమ్మకం ఉన్నంతకాలం నష్టపోయేది ఆ చంటిదే.

సరే, లెక్కలోకి వద్దాం. మీరు ఇళ్ళకి వెళ్ళే రోజులు మీకు నోటికొచ్చు. 3, 7, 14, 21, 28, 42. ఆ ఆరు సార్లూ బిడ్డ బరువు చూస్తారు, బొడ్డు చూస్తారు, ఒళ్ళు వెచ్చబడిందేమో చూస్తారు. అందులో రెండు రోజులకి తల్లి కోసం ఒక్కో ప్రశ్న తగిలించండి. 21, 42.

మన వైపు చాలా ఇళ్ళలో 21వ రోజు బారసాల. గుర్తుంచుకోవడానికి ఇంతకంటే సులువు లేదు. బిడ్డకి పాలివ్వని తల్లికి ఉయ్యాల్లో వేసిన ఆ రోజు నుంచే రక్షణ కావాలి. ఎందుకంటే అలాంటి తల్లుల్లో కొందరికి 25వ రోజుకే అండం విడుదలవుతుంది. పాలు పడలేదనో, కవలలనో డబ్బాపాల మీద పెంచుతున్నవాళ్ళు వీళ్ళలోకే వస్తారు. బిడ్డ దక్కని తల్లి కూడా. ఈ చివరి మనిషి గురించి కాస్త నిదానంగా చెప్తాను. బిడ్డ పోయిన ఇంటికి మనం వెళ్ళడం మానేస్తాం. ఏ మొహం పెట్టుకుని వెళ్తామనిపిస్తుంది. కానీ అందరికంటే ముందు నెల తప్పే అవకాశం ఉన్నది ఆమెకే. ఒంట్లో రక్తం లేకుండా, మనసు కుదుటపడకుండా, మూడో నెలకే మళ్ళీ కడుపు. ఆ ఇంటికి వెళ్ళండి. మొదటిసారి వెళ్ళినప్పుడు పద్ధతుల గురించి ఏమీ మాట్లాడకపోయినా సరే. రెండోసారి వెళ్ళడానికి దారి ఉంటుంది.

42వ రోజు. ఆరో వారం. బిడ్డకి పెంటావాలెంట్ మొదటి డోసు. ఎండైనా వానైనా బిడ్డని ఎత్తుకుని తల్లి మన దగ్గరికి తనంత తాను వచ్చే రోజు అది. టీకా బల్ల దగ్గర బిడ్డకి సూది, కార్డులో తారీఖు, పారాసెటమాల్ చుక్కలు ఎన్నో చెప్పి పంపేస్తాం. ఆమెకీ అదే రోజు కాపర్-టీ పెట్టొచ్చు, గర్భం రాకుండా చేసే అంతర ఇంజెక్షన్ మొదలుపెట్టొచ్చు. అడగం, అంతే. గాజువాకైనా, ఆరిలోవైనా, పెదజాలారిపేటైనా మీ టీకా సెషన్‌లో తల్లి కోసం ఒక కుర్చీ వేయండి. బిడ్డకి సూది పడ్డాక అరగంట ఎలాగూ కూర్చోబెడతారు కదా.

ఇంకో గుర్తు అన్నప్రాశన. దాని గురించి చెప్పాలంటే తల్లిపాల పద్ధతి చెప్పాలి. దీన్ని లామ్ అంటాం. పాలిస్తున్నంతకాలం గర్భం రాదని పెద్దవాళ్ళంటారు. అందులో నిజముంది, కానీ మూడు షరతులున్నాయి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు. తల్లికి నెలసరి తిరిగి రాకూడదు. బిడ్డకి పూర్తిగా తల్లిపాలే పట్టాలి, పగలు నాలుగు గంటలకి మించి, రాత్రి ఆరు గంటలకి మించి ఎడం ఉండకూడదు. మూడూ ఉన్నంతవరకు నూటికి 98 మందికి పైగా గర్భం రాదు. ఏ ఒక్కటి తప్పినా ఆ రోజుతో సరి. మనవాళ్ళు తప్పేది ఎక్కువగా మూడో దాని దగ్గర. రాత్రి బిడ్డ ఏడవకుండా పడుకోవాలని ఒక డబ్బా పాలు, కడుపునొప్పికి గ్రైప్ వాటర్, దాహమని మంచినీళ్ళు, ఉగ్గుగిన్నెతో ఇంకేదో. బిడ్డ చీకడం తగ్గితే తల్లి మెదడుకి వెళ్ళే కబురు తగ్గుతుంది, అండం లేస్తుంది. “మా కాలంలో మూడేళ్ళు ముట్టే రాలేదు” అని అత్తగారు అంటే ఆవిడ అబద్ధమాడటం లేదు. ఆవిడ బిడ్డని చంకనేసుకుని పనికి వెళ్ళింది, రాత్రంతా పక్కలోనే వేసుకుంది. కోడలు బిడ్డని ఇంట్లో వదిలి ఎనిమిది గంటలు షాపులో నిలబడుతోంది. ఇద్దరి ఒంటి లెక్కా ఒకటి కాదు. ఇక అన్నప్రాశన అంటే నోట్లో మొదటి ముద్ద. అది పడిన రోజుకే వేరే పద్ధతి చేతిలో ఉండాలి. ముహూర్తం పెట్టుకున్న వారం ముందు మీరు ఆ గుమ్మం తొక్కండి.

మరి డేట్ రాని మనిషికి గర్భం లేదని ఎలా తెలుస్తుంది? ఆరు ప్రశ్నలున్నాయి. ఒక్కదానికి అవునన్నా చాలు. కాన్పయి నాలుగు వారాలు దాటలేదా? ఇందాక చెప్పిన లామ్ షరతులు మూడూ ఉన్నాయా? కాన్పయ్యాక, లేదా చివరి డేట్ తరవాత భర్తతో కలవనేలేదా? డేట్ మొదలై ఏడు రోజుల్లోపేనా? అబార్షన్ అయి ఏడు రోజుల్లోపేనా? ఏదైనా నమ్మకమైన పద్ధతిని తప్పకుండా వాడుతోందా? వీటిలో ఒక్క అవును ఉండి, వికారం, రొమ్ముల సలపరం లాంటి లక్షణాలేవీ లేకపోతే, ఆ రోజే ఆమెకి సరిపడే పద్ధతి మొదలుపెట్టొచ్చు. అన్నీ కాదంటే నిశ్చయ్ కిట్‌తో మూత్రపరీక్ష చేయండి. లేదని వచ్చినా కలయిక మరీ ఈ మధ్యే జరిగి ఉంటే పరీక్షలో తెలియకపోవచ్చు. కండోములిచ్చి మూడు నాలుగు వారాలకి మళ్ళీ పరీక్ష చేయండి. వట్టి చేతులతో మాత్రం పంపొద్దు.

ఇప్పుడు కాపర్-టీ. ఇదిగో, ఒకటి మీ చేతుల్లోకి పంపిస్తున్నాను, పట్టుకుని చూడండి. నిలువు 36 మిల్లీమీటర్లు, అడ్డం 32. అగ్గిపుల్ల కంటే పొట్టి. కాడకి చుట్టినది రాగితీగ, అడ్డచేతుల మీద రాగి తొడుగులు, కింద రెండు దారాలు. 380ఏ అని పేరులో ఉన్న అంకె ఆ రాగి ఉపరితలం, చదరపు మిల్లీమీటర్లలో. ఆ రాగి వీర్యకణాల్ని కదలనివ్వదు. హార్మోన్ లేదు, పాలలోకి వెళ్ళేదీ ఏమీ లేదు. మన కార్యక్రమంలో దీన్ని పదేళ్ళకి లెక్క వేస్తాం, 375 రకాన్ని అయిదేళ్ళకి. అది పైకి పాకి గుండెల్లోకి వెళ్తుందన్న భయానికి జవాబు ఆ వస్తువులోనే ఉంది. గర్భసంచి పైన మూసుకున్న సంచి, తలుపు కిందే ఉంది. దారాలు ఆ తలుపు వైపు వేలాడతాయి.

కాన్పయిన 48 గంటల్లోపు పెట్టొచ్చు. మాయ పడిన పది నిమిషాల్లోపయితే మరీ మంచిది. 48 గంటలు దాటితే ఆరో వారం దాకా ఆగాలి. మధ్యలో గర్భసంచి కుంచించుకుపోతూ ఉంటుంది, అప్పుడు పెడితే నిలవదు, సంచికి చిల్లుపడే ముప్పు కూడా ఉంది. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినవాళ్ళకి, జ్వరంతో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి, రక్తస్రావం ఆగనివాళ్ళకి అప్పుడు పెట్టకూడదు.

లేబర్ రూమ్‌లో పనిచేయబోయే పిల్లలు ఇది శ్రద్ధగా వినండి. కాన్పు తరవాత పెట్టిన కాపర్-టీ పడిపోతుందన్న చెడ్డపేరు ఉంది. మామూలు రోజుల్లో పెట్టినదానికంటే కాస్త ఎక్కువగా పడిపోతుంది, నిజమే. కానీ అందులో చాలా భాగం మన చేతి పొరపాటు. కాన్పవగానే గర్భసంచి పైభాగం బొడ్డు దగ్గర ఉంటుంది. మామూలుగా వాడే గొట్టం అంత పైకి అందదు. అందుకే పొడవైన పట్టకారు, కెల్లీ ఫోర్సెప్స్. ఒక చేత్తో పొట్ట మీద నుంచి గర్భసంచిని పట్టి పైకి తోయాలి, అప్పుడే లోపలి వంపు తిన్నగా అవుతుంది. ఆ వంపు దగ్గర ఫోర్సెప్స్ తగిలితే పైభాగం అందిందనుకుని అక్కడే వదిలేస్తారు. అదే పడిపోయేది. పైకి చేరిన సంగతి పొట్ట మీద ఉన్న చేతికి తెలియాలి. అక్కడ ఫోర్సెప్స్ తెరిచి కాపర్-టీని వదిలి, ఫోర్సెప్స్‌ని పక్కగోడ వైపు జరిపి, కొద్దిగా తెరిచే ఉంచి బయటికి తీయాలి. మూసేసి లాగితే దారం ఇరుక్కుని కాపర్-టీ కూడా వెంట వచ్చేస్తుంది. ఫోర్సెప్స్ పూర్తిగా బయటికి వచ్చేదాకా పొట్ట మీద చెయ్యి తీయకూడదు. సిజేరియన్‌లో అయితే ఈ గొడవ లేదు. కుట్టేముందు చేత్తో పైభాగాన ఉంచి, దారాల్ని కింద వైపు వదిలేస్తారు.

సంతకం సంగతి. నొప్పుల మీద ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటుంది. ఆ ఊఁ చెల్లదు. ఈ మాట ఏడో నెల చెకప్‌లోనే ఎత్తాలి, కార్డు మీద రాయాలి, తొమ్మిదో నెలలో మళ్ళీ అడగాలి, మనసు మార్చుకుంటే మారు మాట్లాడకుండా ఒప్పుకోవాలి. పైనుంచి లక్ష్యాలు ఇచ్చే పద్ధతిని 1996 ఏప్రిల్‌లోనే దేశమంతా తీసేశారు. కానీ ఈ నెల ఎన్ని అయ్యాయమ్మా అనే పలకరింపు మన దగ్గర ఇంకా పోలేదు. చెప్పకుండా పెట్టిన ఒక్క కాపర్-టీ ఆ వీధిలో పదిమందిని ఆరోగ్య కేంద్రానికి రాకుండా చేస్తుంది.

పెట్టించుకున్నవాళ్ళకి ముందే చెప్పాల్సినవి ఇవి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు డేట్ ఎక్కువగా, నొప్పిగా రావొచ్చు, తరవాత సర్దుకుంటుంది. దారాలు మొదట తగలవు, గర్భసంచి చిన్నదయ్యాక దిగుతాయి. కాన్పు తరవాతి రక్తస్రావంలో అది పడిపోతే తెలియకపోవచ్చు, గుడ్డలో చూసుకోవాలి. ఆరో వారం తప్పకుండా చూపించుకోవాలి. చలిజ్వరం, వాసనతో తెల్లబట్ట, కింద గట్టిగా ప్లాస్టిక్ ముక్క తగలడం, వీటిలో ఏది ఉన్నా ఆరో వారం దాకా ఆగకుండా రావాలి. ముందు చెప్పిన ఇబ్బందిని మనిషి ఓర్చుకుంటుంది. చెప్పనిది జరిగితే మోసపోయాననుకుంటుంది, తీయించుకుంటుంది.

అంతర. 150 మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరు, మూడు నెలలకోసారి కండలోకి. పాలిచ్చేవాళ్ళకి ఆరో వారం నుంచి. సీసాని బాగా కుదిపి తీయాలి, మందు అడుగున చేరి ఉంటుంది. చేశాక ఆ చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు త్వరగా ఒంట్లోకి వెళ్ళిపోయి మూడు నెలలు కాయదు. మనకేమో సూది పడగానే దూదితో రుద్దడం అలవాటు, చెయ్యి ఊరుకోదు! ఇంటికెళ్ళాక అమ్మ కాపడం పెడుతుంది, అది కూడా వద్దని చెప్పి పంపండి. తారీఖుకి రెండు వారాల ముందు నుంచి నాలుగు వారాల తరవాత దాకా తరవాతి డోసు చేయొచ్చు. ఒక వారం ఆలస్యమైంది, ఇక కుదరదని వెనక్కి పంపకండి. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, కొన్ని డోసులయ్యాక డేట్ ఆగిపోవచ్చు. చెడు రక్తం లోపల పేరుకుపోతోందనుకుంటారు. పేరుకునేది ఏమీ లేదు. లోపలి పొర మందంగా పెరగడం లేదు గనక రాలడానికి ఏమీ ఉండదు. ఆపేశాక మళ్ళీ గర్భం నిలవడానికి చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవాళ్ళకి అందుకే ఇది సరిపడదు. బీపీ 160/100, ఆపైన ఉన్నవాళ్ళకి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళకి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి ఇవ్వకూడదు.

ఛాయ మాత్ర మన దేశంలోనే, లక్నోలోని సీడీఆర్ఐ అనే మందుల పరిశోధన సంస్థ తయారుచేసింది. హార్మోన్ కాదు, పాలిచ్చే తల్లి కూడా మొదలుపెట్టొచ్చు. తప్పు జరిగేది లెక్క దగ్గర. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి. ఆదివారం మొదలుపెడితే ఆది, బుధ. మూడు నెలలయ్యాక ఆదివారం ఒక్కటే. సోమవారం అయితే సోమ, గురు. “వారానికొక మాత్రే” అని పక్కింటావిడ చెప్పగా విని మొదటి వారం నుంచే ఒకటి వేసుకునేవాళ్ళున్నారు. అది పనిచేయదు. క్యాలెండర్ మీద మాత్ర వేసుకోవాల్సిన రోజులకి పెన్నుతో సున్నాలు చుట్టి ఇవ్వండి. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తరవాతి డేట్ దాకా కండోమ్ కూడా వాడాలి. ఏడు రోజులు దాటి మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి, వారానికి రెండు. డేట్ ఆలస్యం కావొచ్చు. 15 రోజులు దాటితే గర్భపరీక్ష చేయండి. కామెర్లు, కిడ్నీ జబ్బు, అండాశయాల్లో నీటితిత్తులు ఉన్నవాళ్ళకి ఇది వద్దు.

రోజూ వేసుకునే మాత్ర మాలా-ఎన్ గురించి రెండు మాటలే. అందులో ఈస్ట్రోజెన్ ఉంది. పాలిచ్చే తల్లికి ఆరు వారాల్లోపు అసలు ఇవ్వకూడదు, ఆరు నెలల దాకా వేరే దారి ఉంటే అదే చూడాలి. రక్తం గడ్డకట్టే ముప్పు ఒకటి, పాలు తగ్గడం ఇంకొకటి. పాలు తగ్గితే డబ్బా వస్తుంది, డబ్బా వస్తే లామ్ పోతుంది.

కండోమ్. చిన్నదని తీసిపారేయకండి. పాలిచ్చే రోజుల్లో యోని పొడిబారుతుంది, కలయిక మంట పుడుతుంది. అప్పుడు చాలా ఇళ్ళలో చేతికందేది కొబ్బరినూనె. నూనె తగిలిన రబ్బరు కాసేపటికే బలహీనపడి చిరుగుతుంది. వాజ్‌లైన్ అయినా అంతే. నీటితో చేసిన జెల్లీ వాడాలి. ఈ ఒక్క మాట ఎవరూ చెప్పరు, సిగ్గు. చిరిగిపోతే 72 గంటల్లోపు లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, పాలు ఆపక్కర్లేదు.

జాలరిపేటల్లో పనిచేసేవాళ్ళకి ఒక సూచన. “ఆయన బోటు మీద ఉంటాడు, నాకెందుకండీ” అంటారు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆయన రెండు నెలలు ఇంట్లోనే. ఛాయ, అంతర లాంటివి మార్చిలోనే మొదలైతే వేట ఆగే సరికి కుదురుకుంటాయి. ఓడల మీద పనిచేసేవాళ్ళ ఇళ్ళలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళలో కూడా సెలవు తారీఖు అడగండి. ఎప్పుడొస్తాడు అన్న ప్రశ్నకి జవాబు ఆ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది.

ఆపరేషన్ గురించి మీకు తెలిసిందే ఎక్కువ, కాబట్టి జారిపోయే సంగతులే చెప్తాను. కాన్పయిన ఏడు రోజుల్లోపు బొడ్డు కింద చిన్న కోతతో చేస్తారు, గర్భసంచి పైకి ఉంటుంది గనక ట్యూబులు అక్కడే అందుతాయి. ఏడు రోజులు దాటితే ఆరు వారాల తరవాతే. ల్యాప్రోస్కోపీ కాన్పు వెంటనే చేయరు. వయసు 22 దాటాలి, కనీసం ఒక బిడ్డకి ఏడాది నిండాలి. భర్త సంతకం అక్కర్లేదు, ఆమె సంతకం చాలు. మొదటి ఏడాదిలో వెయ్యిమందిలో అయిదుగురికి గర్భం రావొచ్చు. కాబట్టి ఆపరేషన్ అయిన మనిషికి డేట్ తప్పితే నవ్వి పంపకండి, పరీక్ష చేయండి. ట్యూబులో గర్భం అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి, “ఆపరేషనయింది” అంటే ఏ ఆపరేషనో అడగండి. పెద్దాపరేషన్ అయితే పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయిందనుకునేవాళ్ళుంటారు. డిశ్చార్జి కాగితం చూడండి.

మగవాళ్ళ ఆపరేషన్‌లో కత్తి లేదు, కుట్టు లేదు, కాసేపట్లో అయిపోతుంది. రెండు రోజులు విశ్రాంతి, వారం దాకా బరువులు ఎత్తకూడదు. ఆ తరవాత పోర్టులో మూటలు మోసినా ఏమీ కాదు. కానీ మూడు నెలల దాకా కండోమ్ వాడాలి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానేయాలి. ఈ సంగతి చెప్పకపోతే రెండో నెలలో భార్యకి గర్భం వస్తుంది. ఆ ఇంట్లో ఆమెని ఎవరు నమ్ముతారు చెప్పండి?

ప్రశ్నలు అడగండి.

(ఇంట్లో అత్తగారు పక్కనే కూర్చుంటారు, కోడల్ని మాట్లాడనివ్వరని ఒక ఆశా కార్యకర్త అన్నారు.)

ఆవిడని బయటికి పంపాలని చూడకండి, అనుమానం వస్తుంది. బిడ్డ బరువు చూసేటప్పుడు “అమ్మా, మీరు పట్టుకోండి” అని మనవణ్ణి ఆవిడ చేతిలో పెట్టండి. ఆవిడ వాడితో ఆడుకుంటుంది, మీకు అయిదు నిమిషాలు దొరుకుతాయి. ఎడం గురించి ఆవిడతోనూ మాట్లాడండి, కాకపోతే మనవడి పాల వైపు నుంచి మొదలుపెట్టండి. రెండేళ్ళు పాలు తాగాలంటే రెండేళ్ళు ఇంకొకరు రాకూడదు కదమ్మా అంటే, కాదనే నాయనమ్మ తక్కువ.

(నెల తప్పినవాళ్ళు షాపులో అబార్షన్ మాత్రల కిట్ కొనేసుకుంటున్నారని మరొకరు.)

అవును. ఎన్ని వారాలో తెలియకుండా, ట్యూబులో గర్భమేమో చూడకుండా మింగేస్తున్నారు. రక్తం తక్కువున్న బాలింతకి ఆ రక్తస్రావం చాలా ప్రమాదం. పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని చట్టప్రకారం డాక్టరు దగ్గర తీయించుకునే హక్కు ఆమెకి ఉంది, 2021 సవరణ తరవాత 20 వారాల దాకా. తిట్టకుండా తీసుకురండి. తిడతారనే షాపుకి వెళ్తోంది.

(పుట్టింట్లో కాన్పయినవాళ్ళు మధ్యలోనే వెళ్ళిపోతారు, మా లెక్కలో ఉండరని ఇంకొకరు.)

ఇది చాలా పెద్ద కన్నం. మొదటి కాన్పు పుట్టింట్లో. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో మీలాంటి ఆశా 42 రోజులు చూస్తుంది. భర్త ఇక్కడ ఉంటాడు గనక అప్పటిదాకా ఏ పద్ధతీ అక్కర్లేదంటారు. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో మన ఊరికి వస్తుంది. సరిగ్గా అవసరం మొదలైన రోజున అక్కడి ఆశాకి ఆమె వెళ్ళిపోయిన మనిషి, ఇక్కడి ఆశాకి ఆమె ఎవరో తెలీదు. కాబట్టి రెండు పనులు చేయండి. మీ వీధి నుంచి పుట్టింటికి వెళ్ళిన గర్భిణుల పేర్లు ఒక కాగితం మీద విడిగా రాసుకోండి, కాన్పయిందని తెలియగానే తారీఖు వేసుకోండి. మీ వీధికి పుట్టింటికి వచ్చినవాళ్ళయితే, వెళ్ళే ముందు కార్డు మీద ఏ పద్ధతి, ఏ తారీఖు, తరవాతి డోసు ఎప్పుడు అన్నది రాసి, అత్తారింటి ఊరి ఆశా నంబరు కనుక్కుని ఒక ఫోన్ చేయండి. బేసి నెల చూసి పంపుతారు గనక ప్రయాణం ఎప్పుడో మీకు ముందే తెలుస్తుంది. ఆ ముందు వారమే వాళ్ళింటికి వెళ్ళండి, సామాన్లు సర్దుకునే రోజున ఎవరూ మీ మాట వినరు.